డిసెంబరు పదహారు, సిరొంచ

బడి రిజిస్టర్ల ఓదెలు మామ పుట్టిన తారీఖు
జూన్ ఒకటి.
ఆ ఏడు బళ్లె చేరిన అందరిదీ అదే.
"పంతులే కన్నడు మమ్ముల,
ఒక్క దినమే ఇరవైమూడు మందిని"
అని నవ్వేటోడు.

ట్రాన్సిస్టర్‌ది మాత్రం పక్కాగ తెలుసు.
దుకాణం గోడకు, మరాఠీ క్యాలెండర్ మీద
ఎర్ర పెన్నుతో సున్న:
డిసెంబరు పదహారు. పక్కన చిన్నగ, నలభై ఏడు.
ఆ దినం రిపేరు ఊరికెనే.
సోల్డరు తీగ ఖర్చు సుత అడగడు.

మొదట్ల పడవల మీద వచ్చేటియి రేడియోలు,
ప్రాణహిత అవతలి నుంచి, తువ్వాలల చుట్టుకొని
దగ్గు పట్టిన పిల్లల లెక్క.
నేను మూత విప్పి చీమల్ని దులిపేటోన్ని.
మామ ముల్లు తిప్పేటోడు:
గోరంత ఇటు హైదరాబాదు, గోరంత అటు నాగ్‌పూరు,
నడుమ జగదల్‌పూరు, గరగర.
"మన ఊరు ఏ రాష్ట్రమో
ముల్లుకింక ఖాయం కాలె."

ఒకనాడు పెసరగింజంత నల్లటిదాన్ని
నా అరచేతుల పెట్టిండు.
"మూడు కాళ్ల జీవి. ఒక కాలు మెల్లగ గిచ్చితే
ఇంకో కాలు అరుస్తది."
నా చదువంత ఆ ఒక్క మాటే.

వంతెన పడ్డంక పడవలు తగ్గినయి.
సెల్లులొచ్చినయి.
ఒక డిసెంబరు పదహారు, పొద్దుగూకే దాక
ఒక్క రేడియో రాలె.
మామ బల్ల తుడిచిండు. మల్లొకసారి తుడిచిండు.
సున్న లోపట ఇంకో సున్న గీసిండు.

లైట్లు వేసే యాళ్లకు చేపల రాజక్క వచ్చింది.
కొంగు ముడి విప్పి
చెవి మిషను బల్ల మీద పెట్టింది.
క్యాంపుల ఇచ్చిండ్రట,
రెండు నెలలకే మూగబోయిందట.

మామ లేచి నిలబడ్డడు.
"రేడియోల కన్నా ముందు ఇది చెవులకే చేరింది"
నాకు చెప్పిండో, దానికే చెప్పిండో.

భూతద్దం. సూదికి చుట్టిన దూది.
బ్యాటరీ గూట్లె పచ్చటి చిలుము.
అద్దగంట.

పెట్టుకొని రాజక్క
ఇటు చూసింది, అటు చూసింది.
ఎదురుంగ బజ్జీల మూకుడు చర్రుమన్నది.
అహేరి బస్సు హారను కొట్టింది.
నా చేతులకెల్లి స్క్రూల డబ్బ జారింది.
"ఇంత లొల్లిల బతుకుతుండ్రా మీరు?"
టక్కున బందు చేసింది.

మెట్టు దిగబోయి ఆగి,
మల్ల చెవి మీద వేలు పెట్టింది.
"ఏమన్నవు, ఓదెలూ?"

మామ ఏమీ అనలె.
అడిగినంక ఏదన్న ఒకటి అనాలె గదా అని
ఆనాటి తారీఖు చెప్పిండు.