ఆరు డిగ్రీలు

ఏటుకూరు రోడ్డు. రోహిణి కార్తె.
రాత్రి పదకొండైనా గోడ చురుక్కుమంటోంది.
లోపల ఆరు డిగ్రీల్లో తేజా టిక్కీలు
గోనె కప్పుకుని నిద్ర.

నాగుల్ మీరా బజ్జీల పొట్లం విప్పాడు.
నూనె మరకలో ఉత్తర ధ్రువం.
మంచు కరిగిన చోటల్లా
ఒకరి జెండా, ఇంకొకరి జలాంతర్గామి,
ఓడలకి కొత్త దారంటూ చుక్కల గీత.

ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడిగినవాణ్ణి విన్నాను.
కాలే ఇంట్లో స్థలం కొలిచేవాళ్ళని
ఇదే చూడటం.

కరెంటు పోయింది.
కంప్రెసర్ మూలిగి ఊరుకుంది.
మీరా ఒక్క దూకున తలుపు బిగించి
ఉన్న చలి జారిపోకుండా వీపు ఆనించాడు.
జనరేటర్‌లో డీజిల్ పోస్తూ నేను. మీటరు ఏడు.

"ఈ తలుపుకైతే నా వీపుంది, గుమాస్తా గారూ."
నూనె వేలు ఇంకా ఆ కాగితం మీదే.
"దానికెవరున్నారు?"

ఏడున్నర.