పొట్టంగిలో రెండు కన్నాలు

మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజు పీకి
చొక్కా జేబులో వేసుకున్నాను.
పని అయ్యేదాకా ఈ ఇంటి కరెంటు
నా గుండె మీదే ఉంటుంది.

మాణిక్యమ్మ గుమ్మం వదల్లేదు.
"రెండు కన్నాలెందుకు బాబూ, ఒకటి చాలదా?"
"ముక్కుకి రెండు లేవా అమ్మా" అన్నాను.
నవ్వలేదు.

పోయిన పుష్యంలో, మంచుకి భయపడి
కిటికీ సందుల్లో పాత చీరముక్కలు కుక్కి
బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టుకుని పడుకుందావిడ.
తెల్లారి పాలకుర్రాడు తలుపు విరగ్గొట్టాడు.
గొళ్ళెం ఊడిన చోట
కర్ర ఇంకా పచ్చిగానే కనిపిస్తోంది.

గోడ తట్టి చూశాను.
వైరు ఎటు పాకిందో పాత మేస్త్రీ చెప్పి పోలేదు.
స్విచ్చుబోర్డుకి నిట్టనిలువు పైన డ్రిల్లు పెట్టకూడదు,
లచ్చు ముదులికి నేను నేర్పిన మొదటి పాఠం.
వాడు మాస్కు తొడుక్కుని, నా మాస్కు నాకందించాడు.
నేను మర్చిపోయాను మరి.

మొదటి కన్నం తప్పు పెట్టాను.
చెప్పుకోవాలి.
సునాబెడా షాపులో ముప్పై ఒక్క ఏళ్లు రేకు వంచిన చేతులివి.
సగం తొలిచాక పొగ వాసన.
గోడకి అటువైపు పక్కింటివాళ్ల వేణ్ణీళ్ల పొయ్యి.
గాలి తెచ్చే గొట్టం నోరు
పొగలో పెట్టబోయాను.
సిమెంటు కలిపి పూడ్చాను.
సున్నం వేసినా ఆ మచ్చ తెలుస్తుంది.
తెలియనీ.

కొత్తది తూర్పు గోడకి, అల్లం మడి వైపు.
బయటికి పోయేది దానికి ఏడడుగుల అవతల,
విడిచిన గాలినే మళ్లీ పీల్చకుండా.
గొట్టాలు రెండూ బయటికి వాలుగా,
మూతులకి జల్లెడ, కందిరీగల కోసం.
పెట్టె అడుగున సన్న పైపు, దానికి పట్టే చెమటకి.
ఎర్తు తీగ రెండుసార్లు లాగి చూశాను.
మూడోసారి లచ్చు లాగాడు.

"లోపలేముంది?"
పలచటి రేకులమ్మా, అప్పడాల దొంతర లాగ.
ఒక సందులో ఇంటి గాలి, పక్క సందులో కొండ గాలి.
కలవవు.
సుంకి ఘాటీలో రాత్రిపూట ఎదురెదురొచ్చే లారీలు చూళ్లేదూ,
సాలూరు దిగేదొకటి, కొరాపుట్ ఎక్కేదొకటి,
డ్రైవర్లకి ఒకరి పేరొకరికి తెలీదు,
లైటు మాత్రం దించుతారు.
అలాగే వెచ్చదనం చేతులు మారుతుంది.

జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాను.
సన్నటి రొద, తుమ్మెద దూరంగా పోతున్నట్టు.
అగరొత్తి పొగ ఒక కన్నం దగ్గర వెనక్కి తూలింది,
రెండో కన్నం దగ్గర లోపలికి వంగింది.
"పబన ఆసిలా" అన్నాడు లచ్చు.
మాణిక్యమ్మ చలికి చెయ్యి ముడుచుకునే పెట్టింది.
వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

"అయితే కుంపటి లోపల పెట్టుకోవచ్చు కదా ఇంక?"

స్పానరు చేతిలోనే ఆగిపోయింది.
వద్దు.
మిషను కరెంటుది, కరెంటు పొట్టంగిది.
చలేస్తే ఇంకో దుప్పటి. బొగ్గు బయటే.

చాలాసేపటికి అంది,
"ఆ రాత్రి పిల్లి నా కాళ్ల దగ్గరే పడుకుంది."
ఇంకేం చెప్పలేదు.

సుద్దముక్కతో పెట్టె మీద తేదీ రాశాను,
జల్లెడ కడగాల్సిన రోజు.
కింద లచ్చు ఒడియాలో అదే రాశాడు.
ఆవిడకి రెండూ చదవడం రాదు.
"అమావాస్యకి అమావాస్యకి కడుగుతాన్లే" అంటూ
కుంపటి తీసుకెళ్లి
అల్లం మడి గట్టున బోర్లించింది.