వింటున్నవాళ్ళెవరైనా

మా అమ్మ ఎదెల్మీరా ఫోన్లో మాట్లాడదు,
ప్రకటిస్తుంది.

కట్టెల పొయ్యి మీది కెటిల్ పక్కకు జరిపి
ఫోన్ని పళ్ళెంలా నోటి ముందు పట్టుకుని
గొంతు సవరించుకుని:
"పుయెర్తో మోంత్‌లో నర్సు చదువుతున్న రాయెన్‌కి గమనిక.
మచ్చల గొర్రె ఈనింది. రెండు పిల్లలు.
ఒకటి దక్కలేదు.
ఉన్ని మేజోళ్ళు గురువారం లాంచీలో పంపుతున్నాం.
వింటున్నవాళ్ళెవరైనా దయచేసి అమ్మాయికి చెప్పండి."

నానమ్మా, వినేది నేనొక్కదాన్నే,
అటునుంచి నవ్వుతుంది నా కూతురు.
అమ్మ నమ్మదు.
అంత గాలిలోంచి పోయే మాట
ఒక్క చెవిలోనే ఎలా పడుతుందని ఆమె లెక్క.

నా చిన్నప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి
చిలోయె దీవులన్నీ చెంచాలు కింద పెట్టేవి.
బీరువా మీద బ్యాటరీ రేడియో.
ఎవరి ఆవు తప్పిపోయిందో, ఎవరికి జీతం వచ్చిందో
ఎవరి తల్లి ఆసుపత్రిలో కళ్ళు తెరిచిందో
ఒక మగగొంతు
అన్నిటినీ ఒకే స్వరంతో చదివేది.

"ఎదెల్మీరా గారికి గమనిక. ఆపరేషన్ అయింది.
రేపు రేవుకి ఎడ్లబండి తీసుకురండి."
అమ్మ చేతులు తుడుచుకుని లేచేసరికే
బౌదీలియో తన ఎడ్లని కాడికి కట్టేస్తున్నాడు.
నాన్న ఇంటికి రాకముందే
నాన్న కడుపు మీద కుట్లెన్నో
దీవిలో అందరికీ తెలుసు.

అంతా తీపే అనను.
"ఒతీలియాకి గమనిక. నేను రావడం లేదు. ఎదురుచూడవద్దు."
అదీ అదే స్వరంతోనే చదివాడు.
మా పిన్ని ఏడాదిపాటు చర్చి గడప తొక్కలేదు.
ఇప్పటికీ
పన్నెండున్నరకి ఆమె ఇంట్లో రేడియో మోగదు.

నేను మధ్యలోవాణ్ణి.
సాల్మన్ చేపల బోనుల మీద తడిచేతుల్తో నిలబడి
అక్షరానికింతని డబ్బులు లెక్కేసుకుంటూ
"బాగున్నా" అని మాత్రం పంపినవాణ్ణి.
పొదుపు అలవాటై, ఇప్పుడు మాటలు ఊరికే వస్తున్నా
నాకు అంతకుమించి రాదు.
నీలం టిక్కులంటే ఏమిటో రాయెనే నేర్పింది.
నేర్పకపోయినా బాగుండేది.
రాత్రుళ్ళు పడవ దీపం కోసం చూసినట్టు
వాటికోసం చూస్తున్నాను.

దాని మాటలు ఒక్క రోజుంటాయి.
తెల్లారేసరికి అచ్చు కూడా మిగలదు,
ఆటుపోటు తుడిచిన ఇసుకలా.
ఎందుకు తల్లీ అంటే
"అన్నీ ఉండిపోనక్కర్లేదు నాన్నా."
నాకు ఒతీలియా పిన్ని గుర్తొచ్చి
ఇంకేం అడగలేదు.

ఆగస్టు గాలివానకి కొండ మీది టవర్ ఒరిగిపోయింది.
మూడు రోజులు
జేబులో పలక ముక్క మోసుకు తిరిగాను.
అమ్మ అటకెక్కి రేడియో దింపింది,
బ్యాటరీల్ని నాలుకతో చూసింది, పొయ్యి దగ్గర వెచ్చబెట్టింది.
ఇప్పుడెవరూ గమనికలు చదవరమ్మా అన్నాను.
కెటిల్ పక్కకు జరిపింది, అంతే.

మూడోనాడు, రెండు పాటల మధ్య
కొత్త కుర్రాడెవరో తడబడుతూ:
"ఎదెల్మీరా గారికి గమనిక. రాయెన్ క్షేమం.
మేజోళ్ళు అందాయి. ఒకటి బిగుతు.
వింటున్నవాళ్ళెవరైనా దయచేసి చెప్పండి."

గంట తిరక్కుండా మొదటి తలుపు చప్పుడు.
వానలో తడిసి బౌదీలియో కొడుకు, "నానమ్మా, మేజోళ్ళు!"
వెనకే పాస్టరు గారి భార్య, తర్వాత లాంచీ టిక్కెట్లమ్మే కుర్రాడు.
ప్రతివాళ్ళకీ అమ్మ
"అలాగా! అందాయా!" అని ఆశ్చర్యపోయి
టీ పోసింది.
ఏడోసారికి ఆకు అయిపోయింది.
చీకటిపడ్డాక వచ్చింది ఒతీలియా పిన్ని,
ఎవరో చెప్పారులే అంటూ.
ఎవరని మేం అడగలేదు.

శుక్రవారం టవర్ లేచింది.
జేబు గజగజ వణికింది, మూడు రోజుల బాకీ ఒక్కసారిగా.
అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని
పళ్ళెంలా పట్టుకుంది:
"రాయెన్‌కి గమనిక.
ఏ కాలిదో చెప్పలేదు నువ్వు.
వింటున్నవాళ్ళెవరైనా..."