ఐదు ఫిరంగుల ఉత్తరం

ఉత్తరం పడవ దిగకముందే
దాని హోదా మాకు వినబడుతుంది.
గవర్నరు రాస్తే తొమ్మిది,
రెసిడెంటు రాస్తే ఐదు.
ఎన్ని పేలాయో లెక్కపెట్టి చిట్టాకెక్కించడం
కువాలా తెంబాగా రేవులో
రాయసగాణ్నైన నా పని.

ఐదు.
పసుపుపచ్చ పట్టుసంచిలో,
వెండిపళ్లెం మీద, గొడుగు నీడన,
ముప్పయ్యేళ్ల కొలువులో నాకెన్నడూ దక్కని మర్యాదతో
బురద మెట్లెక్కి వచ్చింది కాగితం.

రాజావారు తమలపాకు బుగ్గన పెట్టుకుని
"చదువు, సులుంగ్" అన్నారు.
సగం దాకా పొగడ్తే.
చంద్రసూర్యులున్నంత కాలం చెదరని స్నేహం,
కడలికన్నా లోతైన మనసు, వగైరా.
అది దొరది కాదు.
సింగపూరులో నెలజీతానికి కూర్చున్న
మా మేనమామ కొడుకుది.
అక్షరాల వంపులో వాడి తొందర నేనెరుగుదును.

తరవాత మొదలైంది దొర గొంతు.
కుంఫిణీ సరుకు ఓడ. నల్లమందు పెట్టెలు నలభై.
అర్ధరాత్రి, మా అగ్రం దాటుతుండగా.
ఏడుగురి పేర్లు.
పట్టి అప్పగించకపోతే, స్నేహానికి చింతిస్తూ...
దొర 'ఓడదొంగలు' అన్నచోటల్లా
మావాడు ఒక్కటే మాట వేశాడు: ఇలనున్.

రాజావారు నమలడం ఆపారు.
"అది పనికి పేరా, మనుషులకి పేరా?"

ఏం చెప్పను.
తూర్పున ఎక్కడో కొండ నిప్పు కక్కి
చేలన్నీ బూడిదైతే
పడవలే ఇళ్లు చేసుకున్న జాతి పేరది.
మా ఇంట్లో, నిన్న రాత్రి
చేపల పులుసులో ఉప్పెక్కువేసి
నన్నే తిట్టిన మనిషి జాతి పేరు.
ఏడింటిలో మూడో పేరు
మా సపియా తమ్ముడిది.

రాజావారికి తెలుసు.
ఆ పడవలు రేవు పట్టినప్పుడల్లా
పదోవంతు ఎవరి కొట్లోకి పోతుందో
రాసుకునే వాణ్ని గనక నాకూ తెలుసు.
అంతెందుకు,
సలాముకి బదులు మేం పేల్చిన ఫిరంగిని
దొర దగ్గరికొచ్చి తడిమి చూస్తే
తన ఊరి ముద్ర తగిలేది వేలికి.

చెప్పారు, రాశాను.
"మిత్రమా, నీళ్లకి తలుపుల్లేవు.
వచ్చే తెరచాపని నీ పేరేమని అడిగే అలవాటు
మా తాతలకి లేదు.
ఆ ఏడుగురూ మా కంటబడలేదు. వెదికిస్తున్నాం."
కాసేపు కిటికీలోంచి చూశారు.
"పోయిన వానాకాలం
మా ఉప్పు పడవల్ని మూడింటిని
మనుషులతో సహా కాల్చిన మీ ఓడని
మీ భాషలో ఏమంటారో
దయచేసి తెలియజేయగలరు."

నా కలం ఆ వాక్యం చివరిదాకా పరిగెత్తింది.
అంత హుషారు దానికి మళ్లీ రాలేదు.

"కొట్టెయ్."

కొట్టేశాను. శుద్ధప్రతిలో ఆ చోట
మామిడిపళ్లు పంపుతున్నామని రాశాను.

మొహరుకి దీపపు మసి పట్టించి అందిస్తే
కాగితం మీద చెయ్యి ఆగింది,
పోయినసారికన్నా బొటనవేలెడు పైన దిగింది.
ఎంత పైన వేస్తే అంత పెద్దవాడని మా పద్ధతి.
దొరకి తెలీదు.
మావాడు చూసినా చెప్పి ఉండడు.

రాత్రి దొర ఉత్తరానికి నకలు ఇంటికి తెచ్చాను, తేకూడదు.
"మా వాళ్ల పేరెక్కడ?" అంది సపియా. దానికి చదువు రాదు.
చూపించాను.
తడిచేతిని చీరకట్టులాంటి లుంగీకి తుడుచుకుని
వేలు పెట్టి కొలిచింది.
"ఇంతేనా? ఇందులో వాడెలా పట్టాడు?"

గాలి తిరిగింది.
మూడు నెలలకి, తెల్లవారుజామున,
పొగ ఓడ ఒకటి రేవుకెదురుగా లంగరు దించింది.
చిట్టా తెరిచాను.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
ఐదు.
మర్యాదకి లోటు చెయ్యలేదు పాపం అనుకుంటూ
అంకె వేసి ఇసక చల్లుతుంటే
ఆరోది పేలింది.