పైనున్నది ఆగమంటాది

గుంతకల్లు రైల్వే ఆస్పత్రిలో
చుక్కల బుక్కు ముందర పెట్టినారు.
"ఏ నెంబరు కనపడతాంది?"
నాకు చుక్కలే కనపడినాయి,
చాటలో కొర్రలు పోసినట్ల.
డాక్టరు పేజీ తిప్పె. మళ్లా తిప్పె.
నా యెనక వరసలో నిలబడినోడు
గొంతులోనే "డెబ్బై నాలుగు" అన్యాడు.
వానికి రైలొచ్చింది.
నాకు అప్పుజేసి కొన్న బొలేరో వచ్చింది.
లైసెన్సుకు పోతే దూరంగా ఉండే బండి నెంబరు చదవమన్యారు.
చదివినా. అంకెలు బాగా చదువుతా నేను,
వాటిని చుక్కల్లో దాచిపెట్టకుంటే.

చెప్పినా ఎవురూ నమ్మరు.
"అంతా నల్లగా కనపడతాదా?" అంటారు.
"మరి నెత్తురు?" అంటారు.
నెత్తురు తడిగా ఉంటాది సామీ,
తడి నాకు కనపడతాది.
మా యమ్మ మాత్రం ఎప్పుడో కనిపెట్టింది,
మిరపచేన్లోకి పంపిస్తే
పండూ కాయా కలిపి కోసుకొచ్చినానని
పొరకట్ట ఎత్తి, ఎత్తిన చెయ్యి
అట్లనే నిలిపేసిన రోజు.

సిగ్నలు నాకు రంగు కాదు, చోటు.
పైనున్నది ఆగమంటాది.
కిందిది పొమ్మంటాది.
నడిమిదాని మాట ఈ ఊర్లో ఎవురూ వినరు,
అక్కడ వాళ్లకూ నాకూ తేడా ల్యా.

ముందర బండోడు బ్రేకు కొడితే
మసక దీపం ఒక్కసారి గట్టిపడతాది.
ఆ గట్టిపడేదే నాకు ఎరుపు.
పక్కకు తిరిగేవాడు మినుకు మినుకుమంటాడు,
ఆ భాష గూడా వచ్చు.
ఏమీ చెప్పనోళ్లతోనే చిక్కు:
లైటు పగిలినచోట పెయింటు పూసుకున్న ట్రాక్టర్లు,
చెనిక్కట్టె జారి కన్ను మూసుకున్న ట్రాలీలు.
"ఎర్రగుడ్డ కట్టినాం గదా" అంటారు.
చెట్ల నీడన ఎర్రగుడ్డ
నాకు ఇంగో ఆకు.

కుల్లాయప్ప నా కిలీనరు. పద్దెనిమిదేండ్లు.
వానికి నేను చెప్పల్యా, వాడు అడగల్యా.
పోయినేడు తాడిపత్రి రోడ్డులో
ఒక సిగ్నలు అడ్డంగా పెట్టినారు,
మూడు దీపాలూ పడకేసినట్ల.
ఏది పైది? ఏది కిందిది?
యెనకాల బస్సోడు హారను.
కాలు బ్రేకు మీద, చెప్పులో చెమట.
కుల్లాయి కిటికీ బయటికి చూస్తా
తనలో తాను అనుకున్నట్ల
"పచ్చ పడె" అన్యాడు.
అంతే. మళ్లా చెనిక్కాయలు ఒలుచుకున్యాడు.

ఆ పొద్దు నుంచీ వానికి
ఒక్కడే మాట్లాడుకునే జబ్బు పట్టింది.
"ఎర్ర." "ఇంగా ఎర్రే." "పచ్చొచ్చె."
టమాటా బాక్సులు ఎత్తేటప్పుడు గూడా
"ఇది దోరది, అడుక్కు. ఇది పండు, పైకి."
ఎవురితో అంటాండావురా అని
నేను అడగల్యా.

వాడు రాని రాత్రులుంటాయి.
పన్నెండు దాటినాక సర్కిల్లో
ఒకటే దీపం ఆరుతా వెలుగుతా ఉంటాది.
పసుపో, ఎరుపో.
నేను రెండిటికీ ఆగుతా.
ఆగి, అద్దం దించి,
చెవితో రోడ్డును చూస్తా.
కుక్క దాటినా తెలుస్తాది.

తెల్లారుజామున మూడుకు
కక్కలపల్లి మార్కెట్టుకు బయల్దేరేముందు
తడి గోనెపట్టాతో యెనక లైట్లు తుడుస్తా.
దుమ్ము, టమాటా రసం, పురుగుల రెక్కలు.
నా యెనకాల వచ్చేవాడు
ఏ ఆస్పత్రిలో పరీక్ష తప్పినాడో ఎవురికెరుక.
సీట్లోకెక్కి బ్రేకు తొక్కి అరుస్తా,
"వెలిగిందా?"
"వెలిగెన్నా!"
ఏ రంగని అడగను.
"ఎంత గట్టిగా?"
కుల్లాయి కొంచేపు మాట్లాడడు.
"చెయ్యి అడ్డం పెట్టినా.
గీతలు గూడా కనపడతాండాయి."