తలకిందుల పందొమ్మిది

గుంతకల్లు రన్నింగ్ రూములో కరెంటు పోయింది.
వాన లేదు, ఉత్త గాలి.
వంట కాశిం పీరా పొయ్యి ఆర్పి వచ్చి కూర్చున్నాడు,
చేతులకింకా ఉగ్గాని తిరగమోత వాసన.
పాత క్యాలెండరు చించి చీటీలు రాసింది నేనే:
రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ.
తేదీల వెనకవైపు, అన్నీ ఒకే తీరుగా.

నాకు పోలీసు పడింది.

రాజును వెతికే పని లేదు.
గార్డు జకరయ్యకు వెయ్యి పడితే దగ్గు వస్తుంది.
వచ్చింది.
కాశిం పీరా చీటీ చూసుకొని మీసం దువ్వుకున్నాడు,
రాణి పడిన ప్రతిసారీ అంతే.
ఇంక ఇద్దరు.
గూడ్సు ఓబులేసు, మా ఎర్రిస్వామి సారు.

దొంగ పడిన రోజు ఓబులేసు నోరు మూతపడదు.
తాడిపత్రి ఎండ, బోరులో పడని నీళ్ళు,
ఎప్పుడో తప్పిపోయిన ప్రమోషను...
ఈ రాత్రి గమ్మునుండాడు.
కాబట్టి మంత్రి.
కాబట్టి దొంగ సారే.

కానీ ఆ ముఖం!
కడిగి బోర్లించిన పళ్ళెం.
ఒక్క మెతుకు అబద్ధం అంటుకోలేదు.
ముప్పై ఏండ్లు రైలు నడిపిన మనిషికి
ఇంత నటన యాడిది?

అప్పుడు చూసినా,
ఎమర్జెన్సీ దీపం ముందర ఆయన చీటీ పట్టుకున్న తీరు.
వెనక తేదీ నా వైపుంది.
అరవై ఒకటి.
ఏ నెలలోనూ లేని తేదీ.
పందొమ్మిదిని తలకిందులుగా పట్టుకొని
సారు నింపాదిగా చదువుకుంటాండారు.
చదివి, తల కూడా ఊపినారు.

తనకేం పడిందో తనకే తెలీని ముఖంలో
దొంగను ఎట్లా పట్టేది?

పది దినాలుగా ఇంజన్లో
సిగ్నలు రంగు ముందు నా నోట, వెనక ఆయన నోట.
అంతకుముందు మొదటి మాట ఎప్పుడూ ఆయనదే.
నాకు పని నేర్పుతాండారనుకున్నా.
వచ్చే నెల కంటి పరీక్ష అని
టీ తాగుతా ఒకసారి అన్నారు.
మళ్ళీ అనలేదు.
రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలు.

"చెప్పప్పా పోలీసూ, నిద్రొస్తాంది" అన్నాడు జకరయ్య.

"ఓబులేసు" అన్నా.

"నేను మంత్రినప్పా! కండ్లు కనపడవా నీకు?"

ఆ మాటకు ఉలిక్కిపడింది నేనొక్కణ్ణేనేమో.
సారు చేతిలో చీటీ లాక్కొని
నేనే గట్టిగా చదివినా: దొంగ.
నా ఐదువందలు ఆయన లెక్కలో పడినాయి.
ఏం యాక్టింగ్ సార్, అని అందరూ నవ్వినారు.
సారు కూడా నవ్వినారు,
అరక్షణం ఆలస్యంగా.

మూడున్నరకు పిలుపు. సిమెంటు లోడు.
గుత్తి దాటినాక, చీకట్లో, దూరంగా ఒక దీపం.
నేను నోరు విప్పలేదు.
లోపల లెక్కపెట్టుకుంటాండా,
ఒకటి, రెండు, మూడు...
కింద పట్టాలూ అదే లెక్క.
సారు ముందుకే చూస్తా అడిగినారు:
"ఓబులేసు మంత్రని నీకు తెల్సు కదప్పా?"

"పసుపు" అన్నా.

"పసుపు" అన్నారు.
బ్రేకు మీద ఆయన చెయ్యి
అప్పటికే ఉండాది.