చెవిరాయి

నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌లో
అడుగు తీసి అడుగేస్తే ఐసు కరకర.
యారాడ కొండ మీద లైట్‌హౌసు
ఇంకా తిరుగుతూనే ఉంది, నిద్ర పట్టనట్టు.
నా భుజాన థర్మోకోల్ పెట్టె,
చేతిలో స్కేలు, కవరు చుట్టిన నోటుబుక్కు.

"తలకాయలు మట్టుకేనేటి?"
నూకరత్నం పిన్ని రోజూ అడిగేదే.
"మొండెం ఎవులికి అమ్మను, మీ మాస్టారికా?"
పక్క తట్టల వాళ్లు నవ్వుతారు.
గొరకల్ని ఏరి, మూతి నుంచి తోక దాకా కొలిచి
రాసుకుని, తల అడుగుతాను.
ఊరికే ఇవ్వదు. తలకి ఐదు రూపాయలు.
పులుసులోకి పోయే సరుకు మరి.

నా రికార్డులో దాని పేరు రెండు మాటలు,
రెండూ వాలుగా రాయాలి.
పిన్నికి అది నీళ్లలో గురగురమనే చేప.
వాళ్ల అయ్య తెడ్డు నీట్లో దింపి
పిడి చెవికి ఆనించుకుని వినేవాడట,
మంద ఎటుందో చెప్పేవాడట.

ల్యాబులో
నడినెత్తిన కత్తి దించి విప్పితే
మెదడు కింద రెండు రాళ్లు,
సెనగబద్దంత.
జిగురులో పాతి ఉప్పుకాగితం మీద రుద్దాలి.
ఎక్కువ రుద్దితే బాల్యం అరిగిపోతుంది,
తక్కువ రుద్దితే ఏమీ తెల్లారదు.
ఈ రుద్దుడుకి నా వేలిముద్రలు అరిగి
హాజరు యంత్రం నన్ను గుర్తుపట్టడం మానేసింది.

మైక్రోస్కోపు కింద
రోజుకో గీత.
తిన్న రోజు వెడల్పుగా, పస్తున్న రోజు సన్నగా.
మూడు వందల పదకొండు దాకా వచ్చాక
ఎవరో తలుపు తోసి "టీకి వస్తావా" అంటే
చేప మళ్లీ గుడ్డులోకి పోతుంది.

తుపాను వెళ్లి ఐదు నెలలు.
కిటికీకి అద్దం బదులు ఇంకా అట్టముక్కే.
బయట మోడుచెట్లకి మోకాళ్ల దగ్గర చిగుళ్లు.
మార్చి పదిన పట్టిన చేప, నంబరు పదిహేడు.
అంచు నుంచి వెనక్కి నూట నలభై తొమ్మిది గీతలు లెక్కబెడితే
ఒక నల్లటి నొక్కు.
క్యాలెండరు తిప్పాను.
అక్టోబరు పన్నెండు, ఆదివారం.

పరుగున వెళ్లి చెబితే
పైడిరాజు మాస్టారు కళ్లజోడు తుడుచుకుని
"ఒక్క చేప సాక్ష్యం కాదమ్మా. నలభై చూడు" అన్నారు.
చూశాను.
పదకొండింటిలో ఉంది. తొమ్మిదింటిలో లేదు.
మిగతా వాటిలో
నిజంగా ఉందో, ఉండాలని నాకుందో.
ఆ గడుల్లో ప్రశ్నార్థకాలు పెట్టాను.

పిన్నికి ఫోనులో ఫొటో చూపించాను.
తడిచెయ్యి చీరకి తుడుచుకుని
చాలాసేపు చూసింది.
"ఆ పొద్దు మా తెప్ప తాడు తెంపుకుని ఎలిపోనాది.
దీనికి తెలిసినాదేటి?"
ఇంకాసేపాగి,
"నాకూ ఉంటాదేటి, సెవిలో రాయి?
ఆధార్ కార్డులో జనవరి ఒకటని రాసేసినారు.
కవ్వలు ఇరగబడ్డ ఏడు పుట్టానంట. అదే ఏడో
మాయమ్మకే తెల్దు."

మనకి రాయి ఉండదు పిన్నీ.
పొడి. ముగ్గుపిండి లాంటి పొడి.
దాని మీద గీతలు పడవు.
ఎటు ఒరిగామో చెబుతుంది గానీ
ఎన్నేళ్లొచ్చాయో చెప్పదు.

"మరెందుకది, పనికిమాలింది" అంటూనే
ముప్పై కిలోల తట్ట ఒక్క ఊపున నెత్తికెత్తుకుని
చెయ్యి వదిలేసి
ఐసునీళ్ల మీద, వలల నడుమ
చుక్క తొణక్కుండా నడిచిపోయింది.

కొంత దూరం పోయి
వెనక్కి తిరక్కుండానే అరిచింది.
"కొసరు ఏశాను, సూసుకో."

పెట్టెలో నలభై ఒకటో తల.
నా పట్టికలో దానికి గడి లేదు.
చదవమని ఇచ్చిందో,
పులుసు పెట్టుకోమని ఇచ్చిందో.